మీ విద్యార్థుల సినిమాలు మేమే తీస్తున్నాం

తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మాస్ కమ్యూనికేషన్, విజువల్ కమ్యూనికేషన్, మల్టీమీడియా కోర్సులు నడుపుతున్న కళాశాలల ప్రిన్సిపాళ్లకు, విభాగాధిపతులకు, ప్రాజెక్టులకు మార్కులు వేసే అధ్యాపకులకు

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేను తిరుపతిలో పదహారేళ్లుగా పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు, ఓణీల ఫంక్షన్లకు వీడియో తీసి బతుకుతున్నాను. ఏటా ఫిబ్రవరి చివరికి వచ్చేసరికి మా స్టూడియోకి కాలేజీ పిల్లల రాక మొదలవుతుంది. నలుగురైదుగురు కలిసి వస్తారు. "అన్నా, ఫైనలియర్ ప్రాజెక్టుకి షార్ట్ ఫిల్మ్ ఇయ్యాలన్నా. కెమెరా, ఎడిటింగ్ మొత్తం నువ్వే చూసుకో. ఎంతవుతుందో చెప్పు" అంటారు. తలా రెండు మూడు వేలు అప్పటికే పోగేసుకుని ఉంటారు. "డ్రోన్ షాట్ ఒకటి ఉండాలన్నా, మార్కులు బాగా పడతాయంట" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. తిరుమల కొండ మీద డ్రోన్ ఎగరేయడం నిషేధమని కూడా ఆ పిల్లలకు చాలాసార్లు తెలియదు.

మాలో చాలామంది తీసిస్తున్నాం. నేనూ మూడుసార్లు తీసిచ్చాను. ఒకదానికి మంచి మార్కులొచ్చాయని పిల్లలు స్వీట్ బాక్సు తెచ్చారు. మాటల్లో, డైరెక్టర్‌గా టైటిల్స్‌లో పేరు పడిన అబ్బాయిని అడిగాను. "ఆ గుడి ముందర సీన్‌లో కెమెరా కదిలింది కదా, అది ప్యానా, ట్రాలీనా?" కాసేపు ఆలోచించి "జూమ్ అన్నా" అన్నాడు. ఆ రోజు ఆ స్వీటు నాకు గొంతు దిగలేదు. మూడేళ్లు ఫీజు కట్టి చదివిన పిల్లవాడికి, తన పేరుతో ఉన్న సినిమాలో కెమెరా ఏం చేసిందో తెలియదు. అందులో నా తప్పు సగం ఉంది. మిగతా సగం గురించే ఈ లేఖ.

పరీక్షలో అడిగితే ఆ పిల్లలు బాగానే రాస్తారు. ప్యాన్ అంటే కెమెరా ఉన్నచోటే ఉండి పక్కకు తిరగడం, టిల్ట్ అంటే పైకో కిందికో వంగడం, ట్రాలీ అంటే కెమెరాయే చోటు మారడం, జూమ్ అంటే లెన్స్ ఫోకల్ లెంగ్త్ మారడం. నోట్సులో ఉన్నది ఉన్నట్టు దించేస్తారు. ఆ తేడా కంటితో చూడటానికి మీ కాలేజీ ఆవరణ చాలు. ఒకబ్బాయిని పది అడుగుల దూరంలో నిలబెట్టండి. వాడి వెనక ఎక్కడో దూరంగా నీళ్ల ట్యాంకు కనబడాలి. ఉన్నచోటి నుంచే జూమ్ చేస్తే ముఖం ఎంత పెరుగుతుందో ట్యాంకూ అంతే పెరుగుతుంది. జూమ్ ముట్టుకోకుండా నడుచుకుంటూ దగ్గరికెళ్తే ముఖం పెరుగుతుంది, ట్యాంకు మాత్రం దాదాపు ఉన్నంతే ఉంటుంది. అంత దూరంలో ఉన్న ట్యాంకుకి మనం ముందుకేసిన ఆరడుగులు లెక్కే కాదు.

జూమ్ చేసినప్పుడు ఆ మనిషిని మనవైపు లాక్కున్నట్టుంటుంది. నడిచినప్పుడు మనమే ఆ మనిషి దగ్గరికి వెళ్లినట్టుంటుంది. అందుకే అప్పగింతల్లో ఏడుస్తున్న తండ్రి మీదికి నేను జూమ్ చేయను, రెండడుగులు ముందుకేస్తాను. ఇది తెలుసుకోవడానికి నాకు మూడేళ్లు పట్టింది, చెప్పేవాళ్లు లేక. మీ పిల్లలకు ఒక మధ్యాహ్నం చాలు.

ఆ స్వీటు బాక్సు తర్వాతి ఏడాది ఇంకో ముగ్గురొచ్చారు. సెకండియర్ పిల్లలు. నేను తీసివ్వనని చెప్పి, ఆదివారం పొద్దున ఆరున్నరకు గోవిందరాజస్వామి గుడి దగ్గరికి రమ్మన్నాను. వాళ్ల దగ్గర రెండు ఫోన్లు, నా దగ్గర పాత ట్రైపాడ్. గుడికి కాస్త ఇవతల పూలు కట్టే అవ్వ ఒకామె కూర్చునుంది. తీసుకోవచ్చా అని ముందు అడిగించాను, రెండు మూరల పూలు కొనిపించాను. తర్వాత ఏం చేస్తారో చేయండని పక్కకు తప్పుకున్నాను.

కెమెరా పట్టిన అబ్బాయి నిలబడే తీశాడు. పైన గోపురం నుంచి టిల్ట్ డౌన్ చేసి అవ్వ మీదికొచ్చి, ముఖం మీదికి జూమ్ చేశాడు. తీసిన క్లిప్పు నలుగురం కలిసి చూశాం. అవ్వ వంగిపోయి, ముడుచుకుని, చిన్నగా ఉంది. నేను ఒక్క మాటే అన్నాను, "కూర్చొని తియ్యి" అని. తడినేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఫోను అవ్వ కళ్ల ఎత్తుకొచ్చింది. ముందువైపు మల్లెలు, కనకాంబరాల రాశి, వెనకాల అవ్వ నిటారుగా. ఫ్రేములో అటూ ఇటూ కొనేవాళ్ల కాళ్లు, లుంగీలు, చీర కుచ్చిళ్లు. తలెత్తి బేరమాడుతోంది, మూర తగ్గించనంటోంది. ఆ అబ్బాయి రెండు క్లిప్పులూ మార్చి మార్చి చూసి, "అన్నా, ఇందాక అవ్వ అడుక్కునేదాని మాదిరి కనిపించింది. ఇప్పుడు అంగడి ఓనర్ మాదిరి ఉంది" అన్నాడు. పైనుంచి తీసే హై యాంగిల్ మనిషిని చిన్నగా చూపిస్తుందని ఇంటర్నల్స్‌లో రాసి మార్కులు తెచ్చుకున్నవాడే. అది నిజమని మాత్రం వాడికి ఆ ఆదివారమే తెలిసింది. తాను నిలబడటం వల్లే ఒక పెద్దమనిషి చిన్నబోయిందన్నది వాడికి బాగా తగిలింది.

తర్వాత చేతుల క్లోజప్. బొటనవేలి గోటితో అరటినార చీలుస్తుంది, పక్కనున్న స్టీలు గిన్నెలో తడుపుతుంది, రెండు పూలు ఇటు, రెండు పూలు అటు పెట్టి మెలి తిప్పి బిగిస్తుంది. రెండు సెకన్ల పని. మొదటి మూడుసార్లూ వేళ్లు ఫ్రేము దాటిపోయాయి, వీడు వాటి వెంట ఫోను తిప్పుతూ పోయాడు. నాలుగోసారి తిప్పడం మానేసి, గిన్నె కూడా కనబడేలా కాస్త వెడల్పుగా పెట్టి ఆగాడు. వేళ్లే గిన్నె దాకా వెళ్లి ఫ్రేములోకి తిరిగొచ్చాయి. అంతలో అవ్వ, "ఏం నాయనా, చేతుల్నే తీస్తా ఉండారు, నా మొగం బాగలేదా?" అని నవ్వేసింది. రెండో పిల్లవాడి ఫోనులో అది మిడ్ షాట్‌గా, నడుము నుంచి పైకి కనబడేలా పడింది. చివరికి ఆ సినిమాలో అన్నింటికంటే బాగున్నది ఆ షాటే. మొత్తం అయిదు షాట్లు, యాభై రెండు సెకన్లు. ఆ అబ్బాయి ఇప్పుడు ఎవరిని తీయాలన్నా ముందు వాళ్ల ఎత్తుకు దిగుతాడు. వాడిని గమనిస్తూనే ఉన్నాను, ఒక్కసారీ మరిచిపోలేదు.

నేను అడిగేది ఇదే. చివరి సెమిస్టర్‌లో ఒక్క పెద్ద సినిమా అడగడం మానండి. మొదటి సెమిస్టర్ నుంచే నిమిషం నిడివి సినిమాలు అడగండి, సెమిస్టర్‌కి నాలుగో అయిదో. ఒకదానిలో కెమెరా అసలు కదలకూడదు. ఒకదానిలో ప్యాన్ తప్ప ఇంకేమీ వాడకూడదు. ఒకదానిలో ఇద్దరు మాట్లాడుకోవాలి, అంతే. 1960లో మొదలైన పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కూడా పిల్లల చేత కంటిన్యూటీకి (షాటుకి షాటు అతుకు కుదరడానికి), డైలాగుకి విడివిడిగా చిన్న చిన్న ఎక్సర్‌సైజులు చేయిస్తారు. డబ్బున్నవాళ్లు పిల్లల్ని చెన్నై పంపి విజువల్ కమ్యూనికేషన్ చదివించుకుంటారు. మూడు నాలుగు గంటల దారే అయినా, పీలేరు నుంచో పుంగనూరు నుంచో మీ కాలేజీకి బస్సులో వచ్చే పిల్లకు అది అందదు. ఆమెకు ఉన్నది మీ కాలేజీయే.

ఇరవై నిమిషాల సినిమా ఒక్కసారే తీయమంటే పిల్లలు భయపడతారు. తప్పు చేస్తే దిద్దుకునే టైమ్ ఉండదు కాబట్టి మా దగ్గరికొస్తారు. నిమిషం సినిమా అయితే తప్పు చేసి మళ్లీ తీయొచ్చు. ఈ విద్యలో వచ్చేదంతా ఆ తప్పుల్లోంచే. ఇద్దరు స్నేహితులు టీ కొట్టు బెంచీ మీద మాట్లాడుకునే సీన్ ఒక జట్టు తీసింది. ఇద్దరూ కలిసి కనబడే మాస్టర్ షాట్ తీశారు, ఒకరి భుజం మీదుగా ఇంకొకరి ముఖానికి సజెషన్ షాట్ తీశారు. రెండోవాడి క్లోజప్పుకి వెలుగు బాగుందని బెంచీకి అవతలి పక్క నుంచి పెట్టారు. ఎడిటింగ్‌లో కలిపితే ఇద్దరూ కుడివైపే చూస్తున్నారు. ఒకరితో ఒకరు కాకుండా ఎవరో మూడోవాడితో మాట్లాడుతున్నట్టుంది. "ఏదో తేడా కొడుతోందన్నా, ఏంటో అర్థం కాలేదు" అని తెచ్చి చూపించారు. ఇద్దరి మధ్యా ఒక గీత ఉన్నట్టు అనుకుని కెమెరా దానికి ఒక పక్కనే ఉండాలన్న 180 డిగ్రీల సూత్రం వాళ్ల నోట్సులో బొమ్మతో సహా ఉంది. ఆ బొమ్మ వాళ్లకు అర్థమైంది ఆ రోజే. ఇప్పుడు సీన్ మొదలవకముందే "లుక్ ఎటు?" అని వాళ్లే అడుగుతున్నారు.

ఇంకో జట్టు హాస్టల్ రూములో రాత్రంతా కష్టపడి తీసింది. తెల్లారి చూస్తే తెర మీద నల్లటి చారలు పైకీ కిందికీ పాకుతున్నాయి. ఫోను చెడిపోయిందని ఏడుపు మొహంతో వచ్చారు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు సెకనుకు వందసార్లు వెలుగు హెచ్చుతగ్గులవుతుంది, కంటికి తెలియదు కానీ కెమెరాకు తెలుస్తుంది. ఫోను దానంతటది సెకనుకు 30 ఫ్రేములు, ఒక్కో ఫ్రేముకు వెలుగు పడే సమయం, అంటే షట్టర్, సెకనులో 1/60 వంతు పెట్టుకుంది. 25 ఫ్రేములకు, 1/50కి మార్చి అదే గదిలో తీస్తే చారలు పోయాయి. నీడలోంచి ఎండలోకి ప్యాన్ చేస్తే వెలుగు గభాలున మారిపోవడం ఇంకొకటి. తెర మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ (ఫోను తీసుకునే వెలుగు) లాక్ చేస్తే సరిపోతుంది. ఇవన్నీ ఒక రాత్రి పని పాడైతే గానీ బుర్రకెక్కవు. ఆ రాత్రి మీ కాలేజీలో, రెండో ఏడులోనే పాడవ్వాలి. నేను తీసిన మొదటి పెళ్లి వీడియోలో పాడైంది నాది, ఆ ముహూర్తం మళ్లీ రాలేదు.

ఇక గంగమ్మ జాతర. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరిగే రోజుల్లో బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం కట్టుకుని జనం వీధుల్లో తిరుగుతుంటే, కెమెరా నేర్చుకునేవాళ్లకు అంతకు మించిన బడి లేదు. ఒకమ్మాయి అక్కడ నలభై క్లిప్పులు తీసుకొచ్చింది. నలభైలో ఒక్కటి కూడా పది సెకన్లు కదలకుండా లేదు. అన్నీ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిప్పడమే. పెద్ద తెర మీద వేస్తే కళ్లు తిరిగాయి. ఒక వస్తువు ఫ్రేములో ఈ అంచు నుంచి ఆ అంచుకు చేరడానికి ఏడు సెకన్లయినా పట్టేంత నిదానంగా ప్యాన్ చేయాలని కెమెరామెన్లు ఒక లెక్క పెట్టుకుంటారు. సెకనుకు 24 ఫ్రేములు తీసేటప్పుడు అంతకన్నా వేగంగా తిప్పితే బొమ్మ అదిరినట్టుంటుంది. ప్యాన్ మొదలు పెట్టే ముందు నాలుగు సెకన్లు, ఆపాక నాలుగు సెకన్లు కదలకుండా ఉంచకపోతే ఎడిటర్‌కి కట్ చేసుకునే చోటు దొరకదు. జాతరలో రీటేక్ ఉండదు కాబట్టి, వచ్చే ఏడాదికి ఏ వీధిలో ఎక్కడ నిలబడాలో ఆ అమ్మాయి ఇప్పటి నుంచే రాసిపెట్టుకుంటోంది.

పరికరాల్లేవని మీరు అంటారని తెలుసు. ఒక కాలేజీకి నన్ను గెస్టుగా పిలిచినప్పుడు మంచి కెమెరా ఒకటి చూపించారు. బీరువాలో, ఒరిజినల్ కవర్‌లోనే ఉంది. పాడు చేస్తారని పిల్లలకు ఇవ్వరట, ఇన్‌స్పెక్షన్ రోజు బల్ల మీద పెడతారట. దయచేసి దాన్ని బయటకు తీయండి. గీతలు పడితే పడనివ్వండి. ఎవరు తీసుకెళ్లారో, ఎప్పుడు తెచ్చిచ్చారో రాసుకునే రిజిస్టర్ ఒకటి పెట్టండి చాలు. అది కూడా లేకపోతే ఫోను, పదిహేను వందల ట్రైపాడ్‌తోనే మొదటి ఏడాదంతా నడుస్తుంది. సినిమా పుట్టిన కొత్తల్లో, 1896లో, ఫ్రాన్సుకు చెందిన లూమియేర్ సోదరుల కెమెరామన్ ప్రోమియో వెనిస్ కాలువలో పడవ మీద కెమెరా పెట్టి తీశాడు. కెమెరా స్టాండు మీద కదలకుండానే ఉంది, కదిలింది పడవ. మన పిల్లలకు ఆర్టీసీ బస్సు కిటికీ ఉంది. సిక్ రూములో వీల్‌చైర్ ఖాళీగా ఉంటే నున్నటి కారిడార్‌లో అంతకన్నా మంచి ట్రాలీ లేదు. తారు రోడ్డు మీద మాత్రం పనికిరాదు, ప్రయత్నించి చూశాం.

ఆడపిల్లల గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. నా దగ్గరికొచ్చే జట్లలో అమ్మాయిలు ఉంటారు కానీ కెమెరా ఎప్పుడూ అబ్బాయిల చేతిలోనే ఉంటుంది. అమ్మాయిలకు నటన, కాస్ట్యూమ్స్, ఖర్చుల పుస్తకం. సాయంత్రం అయిదు దాటితే వాళ్లు హాస్టల్‌లో ఉండాలి, షూటింగ్ ఆగదు. ప్రతి విద్యార్థీ కనీసం ఒక నిమిషం సినిమాకు కెమెరా తనే పట్టాలని రూలు పెట్టండి. ఆ రూలు లేకపోతే ఏం పోగొట్టుకుంటామో నేను చూశాను.

చంద్రగిరి దగ్గర పల్లె నుంచి వచ్చే ఒకమ్మాయి, బయట తీయడానికి ఇంట్లో ఒప్పుకోలేదని, వాళ్లమ్మ సంగటి కెలకడం తీసింది. ఫోనును పొయ్యి పక్కన నేల మీద, రెండు ఇటుకల మధ్య పెట్టింది. లో యాంగిల్. కుండ ఫ్రేము నిండా ఉంటుంది, తెడ్డు గుండ్రంగా తిరుగుతుంది, ఆవిరికి లెన్స్ మసకబారుతుంది, మళ్లీ తేరుకుంటుంది. మసక పోయేదాకా ఆ అమ్మాయి కట్ చేయలేదు. తర్వాత ఫోను చేత్తో పట్టుకుని ఒకే ఒక్క టిల్ట్ అప్. తెడ్డు పట్టిన చేతుల దగ్గర మొదలై, గాజుల మీదుగా, బిగుసుకున్న ముంజేతుల మీదుగా, భుజం మీదుగా ముఖానికి. అక్కడికి చేరేసరికి అమ్మ కొంగుతో చెమట తుడుచుకుంటుంది. కెమెరా వైపు చూడదు. ఈ టిల్ట్ ఎందుకు పెట్టావమ్మా అని అడిగాను. "మా అమ్మ చేతుల్లో బలం ఎక్కణ్ణుంచి వస్తోందో చూపియ్యాలనిపించింది సార్" అంది. పదహారేళ్లలో నా దగ్గర పనిచేసిన కుర్రాళ్లెవరూ ఒక షాటుకి ఇంత సూటిగా కారణం చెప్పలేదు. కాలేజీ ప్రాజెక్టులో ఆ అమ్మాయికి ఇచ్చింది ఖర్చుల పుస్తకం.

మార్కులు వేసే పద్ధతి మారితే మిగతాది దానంతటదే దారికొస్తుంది. పూర్తయిన సినిమా ఒక్కటే చూసి మార్కులేయకండి. ఏ షాటు ఎలా తీయాలో షూటింగుకు ముందు రాసుకున్న షాట్ డివిజన్ అడగండి. తీసిన రషెస్ మొత్తం, పనికిరాని టేకులతో సహా, తెమ్మనండి. పనికిరాని టేకులు లేని ప్రాజెక్టును అనుమానించండి, అది మాలాంటి వాళ్లు తీసింది అయుండొచ్చు. వైవాలో ఒక షాటు దగ్గర ఆపి, ఇక్కడ కెమెరా ఎందుకు కదిలింది, ఎందుకు ఇంత దగ్గరికొచ్చింది అని అడగండి. సగం మార్కులు ఆ జవాబుకే వేయండి. షేక్ అయినా ఫర్వాలేదు, కారణం చెప్పగలిగితే. చెయ్యి కదిలినా కెమెరాను అదరకుండా పట్టే గింబల్ మీద నున్నగా జారిపోయే షాటుకి కారణం లేకపోతే మార్కులు లేవని మొదటి రోజే చెప్పండి.

తీయబోయే ముందు పిల్లల చేతికి కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం ఇవ్వండి, బాధ్యత తీసుకునే అధ్యాపకుల ఫోన్ నంబరుతో. బస్టాండులోనో మార్కెట్టులోనో పట్టుకుని ప్రశ్నిస్తే పిల్లలు బిక్కచచ్చిపోతున్నారు. చంద్రగిరి కోట పురావస్తు శాఖది, తలకోన అటవీ శాఖది. స్టాండు వేసి తీయాలంటే వాళ్లను ముందే అడగాలి. గుడుల లోపల కెమెరా వద్దు. అలిపిరి మెట్లకు పసుపు కుంకుమ పెడుతూ ఎక్కే ఆడవాళ్లను, తలనీలాలు ఇచ్చి వచ్చే భక్తులను, వాళ్లకు తెలియకుండా క్లోజప్పుల్లో పట్టుకోవడం తప్పని మీరే నేర్పండి. ఎలాగూ డిగ్రీ పిల్లలు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు ఊళ్లలోకి వెళ్తున్నారు. మామిడి తోటలు, పాల కేంద్రాలు, రచ్చబండలు వాళ్ల ముందరే ఉన్నాయి. అక్కడ నిమిషం సినిమా తీయమంటే వద్దనేవాళ్లు ఉండరు.

నా వంతుగా చెప్తున్నాను. ఈ విద్యా సంవత్సరం నుంచి ఏ కాలేజీ ప్రాజెక్టూ డబ్బు తీసుకుని తీసివ్వను. తెలిసిన స్టూడియో వాళ్లు ఆరుగురితో మాట్లాడాను, నలుగురు సరేనన్నారు. పెళ్లిళ్లు లేని ఆదివారాల్లో పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా నేను ఖాళీ. నా దగ్గర రెండు పాత కెమెరాలు, మూడు ట్రైపాడ్లు, వెలుగు తిప్పడానికి ఒక థర్మాకోల్ షీటు ఉన్నాయి. మీ పిల్లల్ని పంపండి, ఒక్కొక్కరు ఒక్కో ఫోను తెచ్చుకుంటే చాలు. అమ్మాయిల జట్టు వస్తే కెమెరా పనిచేసే మా ఆవిడ కూడా వస్తుంది. ఏ ఆదివారం ఎంతమంది వస్తారో శుక్రవారంలోగా చెబితే, పూల అవ్వకు ముందే ఒక మాట చెప్పి ఉంచుతాను.

ఇట్లు,
మీ పిల్లల ప్రాజెక్టులు మూడు తీసిచ్చిన,
తిరుపతి వీడియోగ్రాఫర్